రాణివాసపు అద్దం బల్ల

"సుత్తితోనే కొట్టాను సార్," అన్నాడు మేస్త్రి.

"ఏ సుత్తి?"

"కొయ్యసుత్తి. వాళ్ళు రాసుకున్నారుగా."

"తల మీద ఎక్కడ తగిలింది?"

"తల మీదే."

"తలంటే గుండుసూది మొన కాదు. ముందా, వెనకా, పక్కనా?"

లాకప్పు గోడకి ఆనుకుని కూర్చున్న మేస్త్రి కళ్ళు దించుకున్నాడు. "కోపంలో ఉన్నాను. చూసుకోలేదు."

అబద్ధం చెప్పడం కూడా ఒక పనితనమే. అది మేస్త్రికి లేదు. అతనికి వచ్చిన పని ఒకటే, చేవకర్రలో గుంట తవ్వి అందులో దంతపు ముక్కనో ముత్యపుచిప్పనో పొదగడం. గోరు పెట్టి గీసినా అతుకు తెలియకుండా పొదుగుతాడు. మాటల్ని మాత్రం అలా పొదగలేకపోతున్నాడు. ప్రతిచోటా అతుకు కనిపిస్తోంది.

ఎదురుగా గొంతుక్కూర్చున్న డిటెక్టివ్‌ని అందరూ మొండి అనే పిలుస్తారు. పోలీసు ఉద్యోగం ఊడిందీ ఆ గుణం వల్లే, ఇప్పుడు నాలుగు కేసులు వస్తున్నదీ ఆ గుణం వల్లే. మేస్త్రి భార్య పొద్దున్నే అతని గుమ్మంలో నిలబడి, "మా ఆయన చీమని కూడా పక్కకి జరిపి నడుస్తాడు సార్. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట. ఈలోగా ఏదన్నా చెయ్యండి," అంది. ఏడవలేదు. ఏడిచే తీరిక కూడా లేని మనిషి.

చచ్చిపోయినవాడు పాతసామాన్ల షావుకారు. రాజుల కోటలు ఖాళీ అవుతుంటే సామాన్లు తెచ్చి, బాగుచేయించి, డబ్బున్నవాళ్ళకి అమ్మేవాడు. మొన్న సాయంత్రం మేస్త్రి పనిగదిలో, రాణిగారి అద్దం బల్ల మీద తల వాల్చి చచ్చిపడి ఉన్నాడు. మేస్త్రే పక్కింటివాళ్ళని కేకేసి, "నేనే కొట్టాను, పోలీసుల్ని పిలవండి," అన్నాడు. కేసు మొత్తం ఇంతే.

"నీ చేతికేమైంది?" అన్నాడు మొండి.

మేస్త్రి కుడిచేతిని చంకలో దాచుకున్నాడు. దాచకముందే మొండి చూశాడు. బొటనవేలు నల్లగా ఉబ్బి ఉంది. పక్కన రెండు వేళ్ళు ఎటు వంగకూడదో అటు వంగి ఉన్నాయి.

"జారిపడ్డాను సార్."

"ఈ గదిలో జారిపడనివాణ్ని నేనింతవరకూ చూళ్ళేదు. ఒప్పుకున్నాక కూడా ఎందుకు కొట్టారు?"

"సుత్తి మీద రక్తం లేదేమని అడిగారు. తుడిచేశానన్నాను. నమ్మలేదు."

"మరి నన్నెందుకు నమ్మమంటావ్?"

మేస్త్రి తల ఎత్తాడు. ఆ కళ్ళలో భయం ఉంది. ఉరికి భయపడేవాడి చూపు కాదది.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. మా ఇంటికి మాత్రం వెళ్ళకండి. నేనే చేశాను. అక్కడ చూడ్డానికేం లేదు."

చూడొద్దన్న చోటికి వెళ్ళకపోతే డిటెక్టివ్ ఎందుకు, పోస్టుమాన్ అయితే సరిపోయేది. మొండి లేచాడు.

వరండాలో ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని డ్యూటీ చేసినవాళ్ళు. ఒకడు సాగిలపడి పైకెళ్ళాడు, ఇంకొకడు నిలబడి బయటికెళ్ళాడు.

"ఏం మొండీ, చెవిలో ఏం ఊదొచ్చావ్? మాట మార్చమన్నావా?"

"మార్చడానికి వాడికి మాటే లేదు, నువ్వు చెప్పిందే చదువుతున్నాడు. షావుకారుకి దెబ్బ ఎక్కడ?"

"ఎడమ చెవి వెనక. ఒక్కటే. డాక్టరు రాశాడు."

"చర్మం కొంచెమే చిట్లింది, ఎముక మాత్రం విరిగింది. కొయ్యసుత్తితో కొడితే అలా ఉంటుందా?"

"నీకు తగిలినప్పుడు చెబుదువుగాని."

"షావుకారు అద్దానికెదురుగా పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎలా కూర్చున్నవాడు అలాగే వాలాడు. వెనక నుంచి ఒకడు చెయ్యెత్తితే అద్దంలో నిలువెత్తు కనిపిస్తుంది. మరి లేవలేదేం? కనీసం తల తిప్పలేదేం?"

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "వెనకున్నది పనివాడు. పనివాణ్ని చూసి ఏ షావుకారు లేస్తాడయ్యా?"

"నెల నుంచి ఇద్దరికీ గొడవ. పని పూర్తికాకుండా బల్ల పట్టుకుపోతానని షావుకారు, ఇవ్వనని మేస్త్రి. నీ రిపోర్టులో నువ్వు రాసిందే. అలాంటివాడు ఆయుధం ఎత్తితే లేవడా? అద్దంలో ఎవర్నో చూశాడు. చూసి కూడా లెక్కచెయ్యలేదు. ఎవర్ని చూస్తే మనిషి లెక్కచెయ్యడో అది కనుక్కో."

"నేను కనుక్కోవాల్సింది కనుక్కున్నాను. పేపర్లో ఫోటో కూడా పడింది. సాయంత్రం వీణ్ని కోర్టులో పెట్టి, ఆ బల్లని షావుకారు తమ్ముడికి అప్పజెప్పి, ఇంటికెళ్ళి పడుకుంటాను. నువ్వూ వెళ్ళి పడుకో."

"బల్లని ఎప్పుడు అప్పజెబుతున్నావ్?"

"లారీ బయల్దేరింది."

మొండి ఆ మాట పూర్తయ్యేలోపే మెట్లు దిగాడు.

*

మేస్త్రి ఇల్లు రెండే గదులు. ముందుది పనిగది, వెనకది బతుకుగది. మేస్త్రి భార్య తాళం తీసింది. ఆసుపత్రిలో రోగుల దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా నానిపోయి ఉన్నాయి. వెనకగది తలుపు ఓరగా ఉంది. సందులోంచి మంచం మీద ముడుచుకున్న మనిషి కనిపించింది.

"మా అత్త," అందామె. "ఎనభై దాటాయి. మనుషుల్ని గుర్తుపట్టదు. నన్ను ఒకరోజు పిల్లా అంటుంది, ఒకరోజు చెల్లీ అంటుంది, ఒకరోజు పెద్దమ్మగారూ అంటుంది. మొన్న నేను పనికెళ్ళేటప్పుడు కూడా మంచం మీదే ఉంది."

"పోలీసులు ఆవిణ్ని ఏమన్నా అడిగారా?"

"తొంగిచూసి నవ్వుకుని వెళ్ళిపోయారు."

పనిగది మధ్యలో ఉంది ఆ బల్ల. నల్లచేవ కర్ర. మూడు రెక్కల అద్దం, కింద చిన్న చిన్న సొరుగులు, అంచు పొడుగునా దంతపు తీగ, తీగకి ముత్యపుచిప్ప ఆకులు. కిటికీలోంచి వెలుతురు పడుతుంటే ఆకులు కదిలినట్టే ఉన్నాయి. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. దాని పాపమంతా అదే. ఒక రాణి జడ వేసుకోవడానికి ఎన్ని ఏనుగులు కూలాయో, చిప్పపొడి పడి ఎంతమంది కళ్ళు పోయాయో ఆ అద్దం చెప్పదు. రాణి ముఖం ఒక్కటే చూపించి ఊరుకుంది. ఇప్పుడు షావుకార్ల ముఖాలు చూపిస్తోంది.

మొండి పొయ్యి దగ్గర వంగాడు. చల్లటి బూడిద. జిగురుగిన్నె అడుగున ఎండిన పొర పగుళ్ళిచ్చి ఉంది.

"ఈ పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళయింది?"

"వారం పైనే. చిప్ప అయిపోయింది. మొన్న మధ్యాహ్నం చిప్ప కొనడానికే వెళ్ళాడు ఆయన. తిరిగొచ్చేసరికి…" ఆగింది. "తిరిగొచ్చాక కొట్టాడంటున్నారు."

"జిగురు పొయ్యి మీదే కాయాలా?"

"అవును. తోలుజిగురు. వేడిగా ఉన్నప్పుడే అంటుకుంటుంది."

బల్ల ఎడమ మూల మీద ఒక ఇనుప దిమ్మ కూర్చుని ఉంది. పిడికిలి రెండింతలుంటుంది. చుట్టూ గుడ్డ కుట్టారు. అతికించిన ముక్క లేవకుండా తెల్లారేదాకా దాని మీద పెట్టే బరువు అది. పోలీసులు గదంతా గాలించి సుత్తి పట్టుకుపోయారు. దీన్ని ముట్టుకోలేదు. పనిగదిలో పనిసామాను ఉండడంలో వింతేముంది?

మొండి జేబురుమాలు వేసి దిమ్మని ఎత్తాడు. తిరగేశాడు. గుడ్డ అడుగున ఎండిన గోధుమరంగు మచ్చ. దానికి అంటుకుని నూనె రాసిన వెంట్రుకలు రెండు.

మేస్త్రి భార్య నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది.

"సుత్తి కాదమ్మా. ఇదీ ఆయుధం. చంపినవాళ్ళు దీన్ని పారేయలేదు, దాచలేదు, కడగలేదు. తెచ్చి, పనిలో పెట్టారు."

దిమ్మ కింద ఒక ఆకు ఉంది. చిన్నది, కందిగింజంత. షావుకారు తల వాలినప్పుడు ఆ మూలకే తగిలింది. పక్కన చెక్క నొక్కుకుపోయి ఉంది. ఆ దెబ్బకి ఊడిన ఆకుని మళ్ళీ దాని గుంటలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన తీరు చూస్తే పని తెలిసిన చెయ్యి. అంచు వెంబడి మాత్రం సన్నగా జిగురు పొంగి మెరుస్తోంది. మొండి గోటితో ఇసుమంత గీకి నాలుక మీద వేసుకున్నాడు.

తియ్యగా ఉంది.

"జిగురులో మీ ఆయన బెల్లం కలుపుతాడా?"

"ఛ, ఆయనెందుకు కలుపుతాడు? అది నోటిజిగురు. తోలుజిగురులో బెల్లం కలిపి కడ్డీలా ఆరబెడతారు. చప్పరిస్తే కరుగుతుంది, పొయ్యి అక్కర్లేదు. రాణివాసంలో నిప్పు పెట్టనిచ్చేవాళ్ళు కాదు, సుత్తి చప్పుడు కూడదు, మగపురుగు గడప తొక్కకూడదు. అందుకని లోపలి సామాను బాగుచెయ్యడానికి మేస్త్రుల ఇళ్ళలోంచి ఆడపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు. ఎనిమిదేళ్ళకే. వాళ్ళు వాడేది ఆ జిగురు. ఇప్పుడెవరికీ…"

తన నోటి మాట తనకే వినబడినట్టుంది. 

"ఎవరికీ?" అన్నాడు మొండి.

ఆమె వెనకగది తలుపు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. ఓడిపోయింది.

"రాలిన ముక్క కనిపిస్తే ఊరుకోదు సార్. అన్నం తినేది కూడా ఆపి అతికిస్తుంది. తలగడ కింద ఆ కడ్డీ ఎప్పుడూ ఉంటుంది." వెళ్ళి ఆ తలుపు దగ్గరగా వేసింది. "కానీ సొంత కొడుకుని గుర్తుపట్టని మనిషి, సార్."

"కొడుకు ఆమెని గుర్తుపట్టాడు. చిప్ప కొనుక్కొచ్చి తలుపు తీశాడు. శవం కనిపించింది. మూల మీద దిమ్మ కనిపించింది. పొయ్యి చూస్తే చల్లగా ఉంది. ఒక్క చూపు చాలు అతనికి. దిమ్మ వైపు ఎవరూ చూడకుండా సుత్తి పేరు చెప్పాడు."

మేస్త్రి భార్య బల్ల పక్కనే నేల మీద కూలబడింది. "నన్నడిగాడా? తల్లిని కాపాడుకున్నాడు, బాగానే ఉంది. నన్నెవరికి వదిలేశాడు?"

వీధిలో జీపు ఆగింది.

*

ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తూనే, "నువ్వు పడుకోవని నాకు తెలుసు," అన్నాడు. కానిస్టేబుల్‌ని గుమ్మంలో నిలబెట్టాడు. "లారీ సందు మొదట్లో ఇరుక్కుంది. తిరిగేలోపు దయచెయ్."

మొండి ఇనుప దిమ్మని తిరగేసి చూపించాడు. పొయ్యి చూపించాడు. ఆకు చూపించాడు. గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ వినలేదనడానికి లేదు, విన్నాడు. వింటూ వింటూ అద్దం ముందు పీట లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. జుట్టు సవరించుకున్నాడు.

"కథ బాగుంది. అయితే ముసలమ్మకి షావుకారు మీద కక్షేంటి?"

వెనకగది తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. మొండి అద్దంలో చూశాడు. ఇన్‌స్పెక్టర్ వెనక ఒక బక్కప్రాణి నిలబడి ఉంది. ఎండుపుల్లంత మనిషి. పళ్ళు లేని నోరు దేన్నో చప్పరిస్తోంది. పనిబల్ల మీద నుంచి తీసిన ఉలి చేతిలో ఉంది. ఇన్‌స్పెక్టర్‌కీ ఆమె అద్దంలో కనిపించింది. పట్టించుకోకుండా మీసం దువ్వుకున్నాడు.

అరవకుండా ఉంటే అరక్షణంలో కేసు తేలిపోయేది. ఆ ఆలోచన తనకి వచ్చిందని మొండికి తెలుసు. అయినా అరిచాడు.

"లే!"

ఇన్‌స్పెక్టర్ పక్కకి దూకాడు. ఉలి భుజం మీద చొక్కాని చీల్చుకుంటూ పోయి సొరుగు చెక్కలో దిగింది. అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు, తోలు, ఎముక.

"పెద్దమ్మగారి అద్దం ముందు మగాడా!" ముసలావిడ గొంతు గదంతా మోగింది. "సిగ్గులేదురా నీకు? పైకి లే! ఎవడు రానిచ్చాడు నిన్ను? మొన్నొకడొచ్చాడు. వాడికీ చెప్పాను. నవ్వాడు వాడు."

కోడలు ఆమెని పొదివి పట్టుకుంది. ముసలావిడ ఒక్క క్షణంలో చల్లబడింది. గోడవారన చతికిలబడి మళ్ళీ చప్పరించడం మొదలెట్టింది.

ఇన్‌స్పెక్టర్ చిరిగిన చొక్కా చూసుకున్నాడు. భుజం మీద గీరుకుపోయిన చోట వేలు పెట్టి రక్తం చూసుకున్నాడు.

"ఇప్పుడన్నా చాలా?" అన్నాడు మొండి.

"చాలు. నాకర్థమైంది."

"అయితే పద. మేస్త్రిని వదిలెయ్."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పెట్టుకున్నాడు. మాట మాత్రం నెమ్మదిగా, దాదాపు స్నేహంగా వచ్చింది. "ఎవణ్ని వదలను? దోషిని పట్టానని ఊరంతా చాటాను. ఇప్పుడెళ్ళి, కాదండీ, పళ్ళూడిపోయిన ముసలమ్మ చంపింది, చచ్చిపోయిన రాణి కోసం చంపింది అని చెప్పనా? చెబుతాననుకో. మరి ఈ మేస్త్రి వేళ్ళు ఎవరు విరగ్గొట్టారని జడ్జి అడుగుతాడు. నువ్వు చెబుతావా సమాధానం?"

"నిన్ను ఇప్పుడే పొడవబోయింది. నీ కళ్ళతో చూశావ్."

"మేకు గీరుకుంది." కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "ఏరా, నువ్వేమన్నా చూశావా?"

గుమ్మంలో కానిస్టేబుల్ వీధి వైపు చూస్తూ, "లేదు సార్," అన్నాడు.

"కన్నకొడుకు మోస్తానంటుంటే దించడానికి నువ్వెవరివి మొండీ?" ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచి ఇనుప దిమ్మని జేబురుమాలుతో సహా లాక్కున్నాడు. మొండి వదల్లేదు. కానిస్టేబుల్ వచ్చి మొండి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. "ఇది నా దగ్గర ఉంటే భద్రం. లారీ రాగానే బల్ల ఎక్కించి పంపించు," అని కానిస్టేబుల్‌తో చెప్పి వెళ్ళిపోయాడు.

న్యాయం ఇలాగే నడుస్తుంది. తెలియక తప్పు చేసినవాడికి నచ్చజెప్పొచ్చు. తెలిసి చేసేవాడికి ఏం చెబుతాం?

జీపు చప్పుడు దూరమైంది. కానిస్టేబుల్ బయట గట్టు మీద కూర్చున్నాడు. మేస్త్రి భార్య లేచి నిలబడింది.

"దిమ్మ పోయింది. ఇంకేం మిగిలింది?"

"ఆ ఆకు. దాని కింద జిగురు. షావుకారు తమ్ముడి చేతికి వెళ్తే గీకి, పాలిష్ కొట్టి అమ్మేస్తాడు. ఇక దేవుడు దిగొచ్చినా ఎవరు అతికించారో తెలియదు."

"అయితే తియ్యండి దాన్ని. సాయంత్రం మేజిస్ట్రేటు చేతిలో పెడదాం."

"తీస్తే మీ అత్తగారు…"

"నాకు తెలుసు." ఆమె గోడవారన కూర్చున్న మనిషి వైపు చూడలేదు. "పదహారేళ్ళు ముద్దలు కలిపి పెట్టాను. స్నానాలు చేయించాను. నా తల్లికి కూడా అంత చెయ్యలేదు. ఆవిణ్ని పిచ్చాసుపత్రిలో వేస్తారు. ఆయన్ని ఉరి తీస్తారు. నాకు ఇద్దరూ కావాలి. ఇద్దర్నీ ఎవరూ ఇవ్వరుగా. మీరు తియ్యండి, ఆ పని నా చేతులతో చెయ్యలేను."

లారీ హారన్ సందులో మోగింది. కానిస్టేబుల్ లేచి అటు నడిచాడు.

మొండి సొరుగులో దిగిన ఉలిని ఊడబెరికాడు. ఆకు అంచున మొన పెట్టి లోపలికి నెట్టాడు. ఇంకొంచెం. టిక్కుమని ఆకు లేచి అతని అరచేతిలో పడింది.

అంత చిన్న చప్పుడు. లారీ ఇంజను గోలలో పక్కనున్న కోడలికే వినబడలేదు. ముసలావిడకి వినబడింది.

చప్పరించడం ఆపింది. గోడ పట్టుకుని లేచింది. బల్ల దగ్గరకొచ్చి ఖాళీ గుంటని వేలితో తడిమింది. మొండి ముఖంలోకి చూడలేదు, పాదాల వైపు చూసింది. ఎవరినీ ఒక్క మాట అనకుండా గోడ దగ్గరకు వెళ్ళి, ముఖం గోడకి ఆనించి, రెండు చేతులూ పైకెత్తి అరచేతులు గోడ మీద పరిచింది. వీపు మీది గుడ్డ దానంతటదే జారిపోయింది.

మెడ నుంచి నడుము దాకా అడ్డగీతలు. ఎప్పటివో. పసితనంలో పడి వీపుతో పాటే సాగి, వెడల్పై, ముడతలు పడ్డ గీతలు.

"ముళ్ళకంచెలో పడ్డానని చెప్పింది నాకు," అంది కోడలు. "ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది."

మొండి చేతిలో ఉలి కింద పడింది.

"చెల్లిని కొట్టకండి," అంది ముసలావిడ గోడతో, పదేళ్ళ పిల్ల గొంతుతో. "అది చిన్నది. ఆకు పోగొట్టింది నేనే."